తాడు కట్టిన సీసా

హొసాకా యసోజికి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే, గాజు గ్లాసు. పామంటే భయపడేవాళ్ళున్నారు, బల్లంటే భయపడేవాళ్ళున్నారు, పెళ్ళామంటే భయపడేవాళ్ళ సంగతి సరేసరి. యసోజికి ఈ భయాలేవీ లేవు. కానీ గ్లాసులో వైను పోసి చేతికిస్తే మాత్రం, నడివీధిలో ఎవరో పంచె లాగేసినట్టు ముఖం పెట్టేవాడు. వెంటనే కోటు జేబులోంచి పిడి లేని మట్టి టీ కప్పు తీసి, గ్లాసులోది అందులోకి ఒంపుకుని, గ్లాసును బోర్లించి దూరంగా నెట్టేవాడు.

జపానులో ద్రాక్షతోటల ఊరైన కత్సునుమలో టీ కప్పులో వైను తాగడం వింతేమీ కాదు. తాతల కాలం నుంచీ అక్కడ అంతే. పొద్దంతా పందిరి కింద చేతులెత్తి ద్రాక్ష కోసి వచ్చినవాడు గ్లాసు కోసం వెతుక్కుంటూ కూర్చోడు. చేతికందిన కప్పు పట్టుకుంటాడు, పక్కవాడు పెద్ద సీసా ఎత్తి పోస్తాడు. అయితే మిగతా ఊరంతా కప్పు దొరక్కపోతే గ్లాసుతో సర్దుకుంటుంది. యసోజి సర్దుకోడు. ఇంకొకరిని సర్దుకోనివ్వడు. అదీ తంటా.

ఆ తంటా అంతా చివరికి వచ్చి పడేది చిజురు నెత్తిన. చిజురు, వైను తయారుచేసే నకగోమి వారి ఇంటికి ఒక్కగానొక్క కూతురు. యసోజి పదిహేనో ఏట ఆ ఇంట్లో పనికి చేరాడు, డెబ్బై ఆరేళ్ళు వచ్చినా మానలేదు. చిజురు నాన్న షూహెయ్, యసోజి ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. అందుకని చిజురు ఆయన్ని బాబాయ్ అనే పిలిచేది. ఆ పిలుపు వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందా అని నలభై ఏళ్ళ వయసులో ఆలోచించడం మొదలుపెట్టింది.

ఆమె పిన్ని కొడుకు పెళ్ళి దగ్గరి పట్నం కోఫులో పెద్ద హోటల్లో జరిగింది. పెళ్ళికూతురిది టోక్యో. అందరి చేతుల్లో సన్నటి గ్లాసులు మెరుస్తున్నాయి. సరిగ్గా అందరూ లేచి నిలబడి దీవించే వేళకి, యసోజి గుడ్డ మూట ఒకటి విప్పి నలభై టీ కప్పులు బల్లల మీద పరిచేశాడు.

"బాబాయ్, ఏంటిది?" అంది చిజురు పళ్ళ బిగువున.

"కప్పులమ్మా."

"కప్పులని తెలుస్తూనే ఉంది. ఎందుకని?"

"ఆ గ్లాసులు చూడు, కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డాయి. తాగినవాడు రెండు కాళ్ళ మీదే నిలబడలేడు. ఒంటికాలి దాన్ని నమ్మి వాడి చేతికిస్తే ఎలా?"

పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఆ కప్పులు కానుకలనుకుని, మెచ్చుకుని, కాగితాల్లో చుట్టుకుని ఇళ్ళకు పట్టుకుపోయారు. యసోజి ఊరుకున్నాడా? మరునాడు టోక్యో రైలెక్కి, ఇంటింటికీ తిరిగి, వంగి వంగి దణ్ణాలు పెట్టి, ముప్పై ఎనిమిది కప్పులు వెనక్కి తెచ్చాడు. మిగిలిన రెండూ వియ్యపురాలి దగ్గర ఉండిపోయాయి. ఆమె ఇచ్చేది కాదట. ఆ వారమంతా ఫోను మోగినప్పుడల్లా చిజురుకి ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఒకసారి చెప్పిన కారణం ఇంకోసారి చెప్పేవాడు కాదు. బ్యాంకు మేనేజరు వచ్చినప్పుడు, వైనుకి సిగ్గెక్కువ, అలా ఎగాదిగా చూస్తే దానికి నచ్చదు అన్నాడు. గుడి పూజారితో, గ్లాసు మోగితే ద్రాక్షతీగ ఉలిక్కిపడుతుందన్నాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక చదువుకున్న పెద్దమనిషి గ్లాసు వెలుతురుకి ఎత్తి రంగు చూస్తుంటే, దగ్గరికెళ్ళి భుజం తట్టి, "అయ్యా, పెళ్ళిచూపులు అయిపోయాయి, ఇక తాగండి" అన్నాడు. దుబాసీ ఆ ముక్కని అనువదించకుండా వదిలేసింది గాబట్టి సరిపోయింది. ఏటా జరిగే మూత్ర పరీక్షకి మాత్రం ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన డబ్బానే వాడేవాడని ఊళ్ళో అనుకునేవారు. గట్టిగా చెప్పగలిగిన సాక్షులు లేరు.

కప్పుల గొడవ ఇలా ఉంటే, దాన్ని మించింది తాడు కట్టిన సీసా.

కత్సునుమలో ఎవరి కప్పు వాళ్ళు నింపుకోరు. పక్కవాడు నింపాలి, వాడిది వీడు నింపాలి. నింపబోయినప్పుడు వద్దని కప్పు మీద చెయ్యి పెట్టడం, పోసేవాడి చెంప మీద కొట్టడంతో సమానం. ఈ మర్యాదనంతా యసోజి తన చేతుల్లోకి తీసుకున్నాడు. పదిమంది కూర్చున్న చోట ఆయన తప్ప ఇంకొకరు సీసా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చేతి మీద ఒక్కటిచ్చేవాడు. ఎడమచేతిలో మామూలు సీసా, కుడి చంకలో మెడకి గడ్డితాడు చుట్టిన నల్ల సీసా పట్టుకుని వరసగా పోసుకుంటూ వచ్చేవాడు. అందరికీ మామూలు సీసా. షూహెయ్ దగ్గరికి వచ్చేసరికి తాడు కట్టిన సీసా.

"ఏం యసోజీ, మంచిదంతా మీ యజమానికేనా? మా నాలుకలకి రుచి తెలీదా?" అనేవాళ్ళు జనం.

"తెలుసుగనకే పోయట్లేదు. ఒకసారి ఇది తాగితే మళ్ళీ ఆ మామూలుది దిగదు మీకు."

అంతకాలం ఇంకెవరికీ పోయలేదా అంటే, అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఎవరో ఒకరికి పోసేవాడు. ఎందుకు పోశాడో, వాళ్ళలో ఏం చూశాడో తెలియదు. ఓ ఏడు పోస్టుమాస్టరు కోడలికి పోశాడు. ఇంకో ఏడు మంగలి నెజుకి పోశాడు, ఆ తర్వాత ఏటా పోస్తూనే ఉన్నాడు. నెజు దాని రుచి గురించి క్షవరం చేయించుకునేవాళ్ళందరికీ కథలు కథలుగా చెప్పేవాడు. ఇరవై ఏళ్ళ పాతదట, తాగితే గొంతులో పందిరి వేసినట్టుంటుందట. తలపై కత్తి పెట్టి చెబుతుంటే కాదనేదెవరు?

చిజురుకి ఇది చూస్తే ఒళ్ళు మండేది. పదిమందిలో ఇంటి యజమానికి ఒక సీసా, మిగతావాళ్ళకి ఇంకొకటి. ఇంతకన్నా పచ్చి కాకాపట్టడం ఉంటుందా? నకగోమి వాళ్ళు పంక్తిలో వలపక్షం చూపిస్తారని అనుకోరూ? ఆమె తల్లి పోయాక, యసోజి రోజూ భోజనాల వేళకి ఆ సీసా పట్టుకుని ఇంటికే వచ్చేవాడు. షూహెయ్‌కి రెండు కప్పులు పోసి, ఒక్కమాట మాట్లాడకుండా కూర్చుని, వెళ్ళిపోయేవాడు. నాన్నని ఈయనే తాగుబోతుని చేస్తున్నాడని చిజురు చాలాసార్లు లోపల తిట్టుకుంది.

కానీ షూహెయ్‌ని తాగుబోతు అనడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాదు. ఆయన ఎన్ని కప్పులు పుచ్చుకున్నా మాట తడబడదు, అడుగు తప్పదు, చెవి కూడా ఎర్రబడదు. కుర్రతనంలో పై ఊరివాళ్ళతో పందెం వేసి, తొమ్మిదిమంది చాప మీద దొర్లుతుంటే తను మాత్రం లేచి వాళ్ళకి దుప్పట్లు కప్పాడు. నిండుకుండ తొణకదు అనేవాళ్ళు ఆయన్ని చూసి. చిజురుకి తండ్రి గురించి గర్వంగా చెప్పుకోవడానికి అదొక్కటి ఉండేది. తతిమ్మా అంతా బాబాయి చేసిన పనులకి సిగ్గుపడడంతో సరిపోయేది.

ఆ ఏడు పరిస్థితి బాగాలేదు. రెండేళ్ళుగా వానలు. గుత్తిగుత్తికీ మైనం కాగితంతో టోపీలు పెట్టి కాపాడుకున్నా పంట సగమే చేతికొచ్చింది. పై తోట అమ్మక తప్పదేమో అనుకుంటుండగా, టోక్యోలోని ఒక పెద్ద హోటలు నుంచి ఉత్తరం వచ్చింది. వైను కొనే అధికారి తోగాషి గారు స్వయంగా వచ్చి చూస్తారు. నచ్చితే ఏటా తీసుకుంటారు. షూహెయ్ తాత నాటిన పై తోట ఉండడమా పోవడమా అన్నది ఆ ఒక్క మధ్యాహ్నం మీద ఆధారపడింది.

చిజురు పన్నెండు గ్లాసులు తెప్పించింది. ఊదితే ఎగిరిపోయేంత పల్చనివి. యసోజి వాటిని చూసి, "కొంగలు వచ్చాయే" అన్నాడు.

తోగాషి గారు వచ్చే రోజు పొద్దున్నే చిజురు ఇల్లంతా గాలించి ఇరవై ఏడు టీ కప్పులు పోగుచేసి, గోదాములో పెట్టి తాళం వేసింది. తరువాత యసోజి ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"జేబులోది కూడా ఇటివ్వు బాబాయ్."

"ఇది నాదమ్మా."

"తెలుసు. సాయంత్రం ఇచ్చేస్తాను."

ఆయన గోళీకాయ లాక్కుంటే చిన్నబుచ్చుకున్న పిల్లాడిలా ముఖం పెట్టి, కప్పు తీసి ఇచ్చాడు. ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు.

"మీ నాన్న కూడా వాళ్ళతో కూర్చుంటాడా?"

"కూర్చోకుండా ఎలా? ఇంటి పెద్ద ఆయన."

"అంటే, ఆయనకి కూడా ఆ కొంగలోనే పోస్తావా?"

"అవును, కొంగలోనే."

"మరి నేను..."

"నువ్వు ఇవాళ ఏమీ పొయ్యవు. నేనే పోస్తాను." అని చిజురు వెళ్ళిపోయింది.

తోగాషి గారు అరవై దాటిన మనిషి. మాట తక్కువ, ముక్కు ఎక్కువ. ముందు పందిరి కింద తిరిగి చూశారు, తర్వాత పీపాల గదిలో షూహెయ్‌తో నిలబడి, పీపా పీపాకీ ఒక గుక్క నోట్లో పుక్కిలించి బానలో ఉమ్మారు. షూహెయ్ కూడా అలాగే పుక్కిలించి ఉమ్మాడు. అది ఆ పని చేసేవాళ్ళ పద్ధతి. ఇద్దరూ ఒక్కో పీపా దగ్గరా రెండేసి మాటలు మాట్లాడుకుని ఒకరినొకరు మెచ్చుకున్నారు. చిజురుకి ప్రాణం లేచి వచ్చింది.

భోజనానికి గుమ్మడికాయ వేసి ఉడికించిన లావు సేమ్యా, ఊరగాయలు పెట్టింది. వైను గ్లాసుల్లో తనే పోసింది. గ్లాసు మీద ఎండ పడి బల్ల మీద చిన్న వెలుగు ఆడింది. తోగాషి గారు గ్లాసు ఎత్తారు. షూహెయ్ తన గ్లాసు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్ళీ గ్లాసు వైపు చూశాడు.

తలుపు జరిగింది. యసోజి లోపలికొచ్చాడు. చంకలో తాడు కట్టిన సీసా ఉంది. చేతిలో పూలు వేసిన తెల్ల కప్పు ఉంది. చిజురు ఆ కప్పును గుర్తుపట్టింది. ఊరంతా గుర్తుపడుతుంది. అది మంగలి నెజు గడ్డం గీసేముందు సబ్బు నురగ చేసే కప్పు.

"మన్నించాలి, షూహెయ్‌కి ఇందులో పోస్తే..." అన్నాడు యసోజి, మోకాళ్ళ మీద కూర్చుంటూ. "కడిగానమ్మాయ్. మూడుసార్లు కడిగాను."

గదిలో ఊరగాయ వాసన మీదుగా సన్నగా సబ్బు వాసన వచ్చింది. తోగాషి గారి ముక్కు అది పట్టుకోకుండా ఎలా ఉంటుంది? ఆయన ముక్కు పుటాలు కదలడం చిజురు చూసింది. తల కొట్టేసినట్టయింది ఆమెకి. పెళ్ళిలో కప్పులు, బ్యాంకు మేనేజరు, ఫ్రాన్సు పెద్దమనిషి, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"బాబాయ్, నీ వల్ల ఇన్నేళ్ళూ నేను పదిమందిలో తలెత్తుకోలేకపోయాను" అంది. గొంతు పెంచలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. "ఇవాళ ఒక్కపూట మా ఇంటి మనిషివి కానట్టు బయట కూర్చో."

యసోజి సీసా గుమ్మం పక్కన దించాడు. మంగలి కప్పు దాని పక్కన పెట్టాడు. తోగాషి గారికి నేలకు తల ఆనేలా దణ్ణం పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు.

అతిథి గ్లాసు ఎత్తి పట్టుకుని ఎదురు చూస్తున్నారు. షూహెయ్ గ్లాసు పట్టుకుని, మందు తాగేవాడిలా కళ్ళు మూసుకుని, గడగడా అడుగుదాకా తాగేశాడు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు మెడలోకి దిగి, బుగ్గల్లోకి ఎక్కి, బట్టతల చివరిదాకా పాకింది. సేమ్యా సగం తినేలోపు నిండుకుండ తొణికింది. తోగాషి గారి భుజం మీద చెయ్యి వేసి, "మీ ముక్కు చాలా బాగుందండీ, ఎక్కడ తెప్పించారు?" అన్నాడు షూహెయ్. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న లెక్కల పాట రెండు చరణాలు పాడాడు. మూడోది గుర్తురాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తరువాత బల్ల మీద తల ఆన్చి, గురక పెట్టాడు.

తొమ్మిదిమందిని పడగొట్టిన మనిషి ఒక్క గ్లాసుకి పడిపోయాడు. చిజురుకి ఏం జరిగిందో తెలియలేదు. తెలిసిందల్లా, తోగాషి గారు గ్లాసు దించేశారని, పై తోట చేజారిపోతోందని. ఏదో ఒకటి చేసి ఆయన చూపు తండ్రి మీంచి మళ్ళించాలి. గుమ్మం పక్కన తాడు కట్టిన సీసా కనబడింది.

"ఇది... ఇది మా ఇంటి పెద్దకి తప్ప ఎవరికీ పోయని వైను" అంది. "మీకు రుచి చూపిస్తాను."

కొత్త గ్లాసు తీసి అందులో పోసింది. సీసాలోంచి వచ్చింది ద్రాక్షరసం రంగులో లేదు. మరిగించిన వేరు కషాయంలా గోధుమ రంగులో ఉంది. గాజు గదా, దాచిపెట్టేది ఏమీ లేదు. తోగాషి గారు దాన్ని తిప్పారు, వాసన చూశారు, ఒక గుక్క నోట్లోకి తీసుకున్నారు. వృత్తిధర్మం ప్రకారం చాలాసేపు ఆలోచించారు.

"బార్లీ టీ" అన్నారు. "నిన్న కాచింది."

చిజురు సీసా ఎత్తి వాసన చూసింది. యాభై ఏళ్ళ పాటు ఊరంతా కళ్ళార్పకుండా చూసిన సీసా అది. రోజూ భోజనాల వేళకి ఇంటికొచ్చిన సీసా అది. నాన్నని తాగుబోతుని చేస్తున్నాడని తను ఎవరిని తిట్టుకుందో, ఆ మనిషి నాన్నని చుక్క కూడా తాగనివ్వకుండా కాపలా కాశాడు. కప్పు అయితే పక్కవాడికి లోపలిది కనబడదు. గ్లాసు అయితే కనబడుతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి తనకి నలభై ఏళ్ళు పట్టింది, పైగా బాబాయిని పరాయివాళ్ళ ముందు గెంటేయాల్సి వచ్చింది. సిగ్గు అంటే ఇంతకాలం తను పడ్డది సిగ్గే కాదని ఆమెకి అప్పుడు అర్థమైంది.

యసోజి పందిరి కింద ద్రాక్ష బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఆమెని చూడగానే లేచాడు.

"ఎంత తాగాడు?"

"గ్లాసుడు."

"మొత్తం గ్లాసుడా? ఓరి దేవుడా. పొద్దుగూకేదాకా లేవడింక. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టు, భయం లేదు. పాట పాడాడా?"

"లెక్కల పాట."

"మూడో చరణం దగ్గర ఏడ్చుంటాడు."

"బాబాయ్, ఎందుకు చెప్పలేదు నాకు?"

యసోజి మెడ గోక్కున్నాడు. "ఏం చెప్పమంటావ్ తల్లీ? మీ నాన్నకి పుట్టుకతోనే పడదది. చెంచాడు మింగినా ఇదే వరస. మీ తాత సంగతి నీకు తెలీదు. వైను ఇంటికి వారసుడై పుట్టి కప్పు వైను తాగలేనివాడు మాకెందుకు, వాడి తమ్ముడికి రాసిస్తానని కూర్చున్నాడు. తమ్ముడేమో చక్కగా తాగుతాడు, వైను చేయడం మాత్రం రాదు. మీ నాన్న ముక్కుతోనే సగం వైను చేసేస్తాడు. ఆ ముక్కు పోతే ఇల్లు పోతుంది కదా. మొదటిసారి కొత్త వైను పండక్కి పెద్దలందరి ముందు కూర్చోబెట్టారు మా వాణ్ణి. నేను బార్లీ టీ సీసా పట్టుకెళ్ళాను. గుర్తుకోసం తాడు కట్టాను. అంతే."

"ఆ పందెం? తొమ్మిదిమంది?"

"ఆ రోజు మీ నాన్న ఒక్కడే పదిహేను కప్పుల బార్లీ టీ తాగాడమ్మా. రాత్రంతా పెరట్లోకి తిరుగుతూనే ఉన్నాడు."

చిజురుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాత పోయి ముప్పై ఏళ్ళయింది కదా, ఆ తర్వాతైనా చెప్పేయొచ్చు కదా అంది.

"చెప్పొచ్చు. కానీ అప్పటికి మీ నాన్నకి నిండుకుండని పేరొచ్చింది. పేరు రావడం సులువే, దింపుకోడమే కష్టం." యసోజి తలెత్తి పందిరి వైపు చూశాడు. కోత అయిపోయినా నాలుగైదు కాగితం టోపీలు ఇంకా తీగలకి వేలాడుతున్నాయి. "వానొస్తుందంటే గుత్తికి టోపీ పెడతాం. మనిషికి ఓ కప్పు పెట్టాం. అందులో పెద్ద విషయం ఏముంది?"

"నేను నిన్ను అలా అనకుండా ఉండాల్సింది."

"ఎలా అన్నావు? నాకు వినబళ్ళేదు" అన్నాడు యసోజి. "కొంగలేవీ పగల్లేదుగదా?"

ఇద్దరూ లోపలికి వచ్చేసరికి తోగాషి గారు తన కోటు తీసి షూహెయ్ వీపు మీద కప్పి కూర్చున్నారు. గ్లాసులోని బార్లీ టీ ఖాళీ అయింది. చిజురు నేల మీద చేతులు ఆనించి, తప్పు నాది, మా నాన్నది కాదు, బాబాయిది అసలే కాదు అని చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆ సీసాలో ఇంకా ఉందా?"

"ఉందండి."

ఆయన అటూ ఇటూ చూశారు. గదిలో వీళ్ళిద్దరూ, గురక పెట్టేవాడూ తప్ప వినేవాళ్ళు లేరు. "డాక్టరు ఏప్రిల్ నుంచీ చుక్క కూడా మింగొద్దన్నాడు. పుక్కిలించి ఉమ్మొచ్చు, అంతే. ఆఫీసులో చెబితే ఈ పనిలోంచి తీసేస్తారు. ఎక్కడికెళ్ళినా భోజనం దగ్గరే నా చావు. ఇందాక మీ నాన్న తాగేశాక నేను కూడా తాగాలి కాబోలు అని గుండె గుభేల్‌మంది." ఆయన గొంతు ఇంకా తగ్గించారు. "ఇంకొంచెం పోయండి. కప్పులో."

గోదాము తాళంచెవి ఎక్కడ పెట్టిందో గాభరాలో చిజురుకి గుర్తురాలేదు. చివరికి టోక్యో హోటలు అధికారి, మంగలి నెజు సబ్బు కప్పులో బార్లీ టీ తాగాడు. బాగుందన్నాడు. రెండోసారి పోయించుకున్నాడు. పై వారం ఉత్తరం వచ్చింది, ఏటా తీసుకుంటామని. పై తోట ఉండిపోయింది.

షూహెయ్‌కి మెలకువ వచ్చేసరికి సాయంత్రమైంది. ఎలా కూర్చున్నానని అడిగాడు. నిండుకుండలా కూర్చున్నావన్నాడు యసోజి. ఆయన నమ్మాడు.

నవంబరులో కొత్త వైను పండగ వచ్చింది. గుడి ముందు చాపలు పరిచి మధ్యాహ్నపు ఎండలో ఊరంతా కూర్చుంది. యసోజి ఎప్పట్లాగే రెండు సీసాలతో బయల్దేరాడు. చిజురు ఈసారి ఆయన చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూస్తూ కూర్చుంది. నాన్న దగ్గర ఆగింది. మంగలి నెజు దగ్గర ఆగింది. ఈ ఏడు కొత్తగా, బడి పంతులు గారి అమ్మాయి దగ్గర ఆగింది. పోయిన నెలే పెళ్ళయిన పిల్ల, ఇందాకటి నుంచీ కప్పు వైపు బెంగగా చూస్తోంది. తాడు కట్టిన సీసా వంగగానే ఆ పిల్ల వాసన పట్టి, తలెత్తి యసోజిని చూసింది. ఆయన అప్పటికే ముందుకు వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చెయ్యి పొట్ట మీద ఉండడం చిజురు ఇప్పుడు గమనించింది. పోస్టుమాస్టరు కోడలికి కూడా ఆ ఏడే కదా కొడుకు పుట్టాడు, అనుకుంది.

చిజురు నెజు పక్కకి జరిగి కూర్చుంది. "నెజు గారూ, మీకు పదహారేళ్ళుగా పోస్తున్నారు కదా. ఎలా ఉంటుందది?"

నెజు ఆమె కళ్ళలోకి చూశాడు. పదహారేళ్ళ క్రితం ఆయన తాగి కత్తి పట్టుకుంటే చెయ్యి వణికి, ఒకాయన చెవి కాస్త తెగింది. తాడు కట్టిన సీసా పోయడం మొదలైన ఆ ఏడాది నుంచీ ఆయన దుకాణానికి జనం ధైర్యంగా వస్తున్నారు.

"ఇరవై ఏళ్ళ పాతదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "గొంతులో పందిరి వేసినట్టుంటుంది. ఈ ఊళ్ళో దాని రుచి నా ఒక్కడికే తెలుసు."

"మీ ఒక్కరికేనా?"

"మీ నాన్న సంగతి సరే. ఇంకెవరికి తెలుస్తుంది?"

అలా ఈ ఊళ్ళో ఎంతమంది, తమ ఒక్కరికే తెలుసనుకుని, ఆ సీసాని నోరారా పొగుడుతున్నారో అని చిజురు లెక్కపెట్టబోయి మానేసింది. మళ్ళీ సిగ్గేసింది. ఊరంతా ఒక మనిషిని కాకారాయుడంటుంటే, తనూ వాళ్ళతో కలిసి అంది. ఆయన మాత్రం పొయ్యడానికి వంగిన నడుము ఎత్తకుండా, అందరి కప్పులూ నింపాడు. అప్పుడే ఆమెకి ఇంకొకటి కూడా తట్టింది. ఎవరి కప్పు వాళ్ళు నింపుకోకూడని ఊళ్ళో, యాభై ఏళ్ళుగా యసోజి కప్పు నింపినవాళ్ళెవరూ లేరు. పోసేవాడు ఆయనే గనక, చివర్లో తన కప్పు తనే నింపుకునేవాడు. దానికి కూడా మర్యాద తెలియని మనిషని అన్నారు జనం.

ఆయన సీసాలు కింద పెట్టి ఊరగాయ ముక్క కోసం చెయ్యి చాపగానే, చిజురు లేచి తాడు కట్టిన సీసా తీసి తన బుట్టలో దాచింది. బుట్టలోంచి అలాంటిదే ఇంకొకటి పైకి తీసింది. మెడకి గడ్డితాడు ఆమె రాత్రే చుట్టింది, కొంచెం వంకరగా. దానిలో పోసింది, ముత్తాత నాటిన పై తోటలో పండిన పండుతో నాన్న చేసిన, ఇంట్లో ఉన్నవాటన్నిటిలోకీ మంచి వైను.

"కప్పు పట్టు బాబాయ్."

"నాకెందుకులే అమ్మాయ్, నేను పోసుకుంటాను."

"పట్టమంటున్నానా?"

యసోజి జేబులోంచి కప్పు తీశాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులకి పట్టుకోవడం అలవాటు లేదు. ఆమె రెండు చేతులతో సీసా వంచి అంచుదాకా పోసింది. ఎదురుగా షూహెయ్, పక్కన నెజు ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు.

ఆయన బార్లీ టీ అనుకుని ఒక పెద్ద గుక్క తీసుకున్నాడు. గుటక పడలేదు. బుగ్గలు ఉబ్బి అలాగే ఆగిపోయాడు. తర్వాత జాగ్రత్తగా మింగి, చుట్టూ చూసి, చిజురు చెవి దగ్గరికి వంగి, దొంగ పడ్డాడని చెప్పేవాడిలా అన్నాడు.

"తల్లీ, గొడవ చెయ్యకు. ఎవరో మన సీసాలో వైను పోసేశారు."